చెప్పకుండా వేసిన మోటర్

అక్కన్నపేటలో మాది ఉమ్మడి కుటుంబం. నేనూ, మా తోటికోడలు లక్ష్మక్కా కలిసి బర్రెలకు గడ్డి మిషన్‌లో కోసేవాళ్లం. మోటర్ వేసే ముందు "అక్కా, ఏస్తున్న" అని చెప్పేదాన్ని. ఒకసారి కూర దగ్గర మాటా మాటా పెరిగి మేం రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ పంతంతోనే ఒక ఉదయం చెప్పకుండా స్విచ్ వేశాను. అప్పుడామె ఇరుక్కున్న గడ్డిని చేత్తో లాగుతోంది.

ఆమె ఎడమ మణికట్టు దగ్గర తెగి రక్తం చిమ్మింది. కొంగు బిగించి కట్టి సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లాం. అప్పటికే వేళ్లు తెల్లబడి చల్లగా అయిపోయాయి.

"రక్తనాళం కొంత నలిగిపోయింది. కొసలు అందుతలేవు. కాలిలకెల్లి చిన్న సిర తీసి, తిప్పి మధ్యల పెట్టి, రెండు దిక్కుల కుడతం," అన్నారు డాక్టరు. వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారట.

"వేళ్లు దక్కుతయా సార్?"

"కుట్టినంక రక్తం పారాలె. అప్పుడే చెప్పగలం."

కొన్ని గంటల తర్వాత నర్సమ్మ లోపలికి పిలిచింది. అక్క వేళ్లు పట్టుకున్నాను. గోరువెచ్చగా ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంతలో బావగారు వచ్చి, "ఎట్లయింది?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అక్క అంది: "నేనే చూసుకోలే. నడుస్తున్న మిషన్ల చెయ్యి పెట్టిన."

నేను కాదనలేదు. ఇంట్లో అందరూ ఇప్పటికీ అదే నిజమనుకుంటున్నారు. ఆ చేతికి పట్టు పూర్తిగా రాలేదు కాబట్టి అక్కకు రోజూ జడ నేనే వేస్తాను. వేస్తున్నంతసేపూ, ఈరోజు బావగారికి చెప్పేద్దామనుకుంటాను. ధైర్యం చాలక ముందు మీకు చెబుతున్నాను.