మగ్గానికి పోయిన నూలు

ఇందులో ప్రతి మాటా నిజం. తిరుత్తణి కొండెక్కి కర్పూరం ఆర్పి ఒట్టు పెట్టమన్నా పెడతాను. ఇందాక ఫోను టింగుమంది. జీఎస్టీ సైటు నుంచి ఓటీపీ. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ పక్కనే దామోదరం మామ దగ్గినట్టు ఉంటుంది. మామ పోయి రెండేళ్లయింది.

తిరుత్తణి రైల్వే స్టేషన్ దగ్గర మిద్దె మీద ఒక గది ఆయన ఆఫీసు. చుట్టుపక్కల లుంగీ వ్యాపారుల లెక్కలన్నీ అక్కడే చూసేవారు. నేను మణవాళనగర్ నుంచి రోజూ రైల్లో వచ్చి ఆయన కింద పద్దులు రాసేవాణ్ణి. మామ దొంగబిల్లును వాసనతో పట్టేసేవారు. ఒకసారి జలుబు చేసి ముక్కు పనిచేయకపోతే రెండు రోజులు ఆఫీసే మూసేశారు. నవ్వకండి, తాళం వేసింది నేనే. ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. నెలాఖరున వ్యాపారిని ఎదురుగా కూర్చోబెట్టి, బిల్లులు ఒక్కొక్కటీ పైకి చదివించేవారు. గొంతు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్ గీత. "చెయ్యి ఏమైనా రాస్తాది రా శేఖరా. చదివేటప్పుడు గొంతు పట్టిస్తాది" అనేవారు.

తరువాత రిటర్నులన్నీ కంప్యూటర్లోకి వెళ్లాయి. మామ మౌసును పావురాన్ని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేవారు, ఎగిరిపోతుందేమోనని. అందుకని మీటలు నొక్కే పని నాదైంది. పొగరు తలకెక్కి నేను చదివించడం మానేశాను. మా ఖాతాల్లో పెద్దది పొదటూరుపేట లుంగీల వ్యాపారి ఏకాంబరం అన్న ఖాతా. ఆయన నూలు కొని ఊళ్లోని మగ్గాలకు ఇస్తాడు. కూలికి నేసిన లుంగీలు మళ్లీ ఆయన ఇంటికే వస్తాయి. ఒక నెల ఆ నూలంతా అమ్మినట్టు ఎక్కించి పంపేశాను. పుస్తకంలో అయితే కొట్టేసి పక్కన సంతకం పెట్టేవాళ్లం. కంప్యూటర్లో పంపింది వెనక్కి రాదు, మరుసటి నెలలో సవరించుకోవాలి. ఈలోగానే పన్ను కట్టమని ఆయనకు నోటీసు వచ్చింది.

"మామా, అది నేనే..."

"తెలుసులే. లెయ్యి, పొదటూరుపేటకు పోదాం."

ఆ ఖాతా పోతే ఆఫీసు బాడుగ గడవదని ఇద్దరికీ తెలుసు.

ఏకాంబరం అన్న నోటీసు ఊపుతూ ఎదురొచ్చాడు. "ఏం మామా, ఇంత నూలు ఎవురికి అమ్మినాను నేను? నా పెండ్లానికి కూడా తెలీకుండా?"

"తప్పు నాదే ఏకాంబరం. చూసుకోకుండా పంపించినాను" అన్నారు మామ. నా వైపు చూడనైనా లేదు.

"ఇంక మీకు శ్రమ వద్దులే. మా కోడలు కల్పన ఫోన్లోనే కొట్టేస్తాది. బిల్లు ఏసిన నిమిషమే సర్కారుకు పోతాదంట" అంటూ ఏకాంబరం అన్న మామ ఒళ్లోని ఫైళ్ల కట్ట తీసేసుకున్నాడు.

మామ పక్కనే ఫోనుతో నిలబడ్డ కల్పన వైపు తిరిగారు. "అమ్మా, ఈ నూలు మూట యాడికి పోయింది? మగ్గానికా, అంగడికా?"

ఆ పిల్ల ఫోను కిందికీ మీదికీ తోసి చూసింది. "మూటలు ఎన్నని ఉంది గానీ యాడికని లేదు తాతా."

ఏకాంబరం అన్న ఫైళ్ల కట్ట మళ్లీ మామ ఒళ్లో పెట్టాడు.

ఇప్పుడు నాకు యాభై దాటింది, ఇంటి నుంచే లెక్కలు చూస్తున్నాను. రిటర్ను దాదాపు తనంతట తానే నిండి వస్తోంది, నేను చూసి సరే అంటున్నాను. రేపు ఆ సరే కూడా అదే అనేసుకుంటుందేమోనని తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోంది. అయినా పంపే ముందు వ్యాపారులకు ఫోన్ చేసి బిల్లులు చదివిస్తాను. "నీకేం పనిలేదా అన్నా" అని నవ్వుతారు. నవ్వుతూనే చదువుతారు.

ఒక్కచోట అబద్ధమాడాను. ఏకాంబరం అన్న ఫైళ్లు తిరిగి ఇవ్వలేదు. కల్పన నేతగాళ్ల ఇంటి పిల్ల. మామ అడిగీ అడగకముందే "మగ్గానికే తాతా, దానికి ఇందులో వేరే గడి ఉంది" అని చూపించింది. మామ కళ్లద్దాలు పెట్టుకుని ఆ గడిని చాలాసేపు చూశారు. "బాగా చేస్తా ఉండావమ్మా" అని లేచారు. ఆ ఏడే ఆఫీసు మూసేశాం.

తప్పు చేసింది నేనని ఏకాంబరం అన్నకు ఇంతవరకూ చెప్పలేదు.