నాలుగో స్టేజీలో కుర్చీ

గళ్ళబాబుకి ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టారు. ఎప్పుడు చూసినా గళ్ళ కాగితం మీద పెన్సిలుతో చుక్కలు నింపుతూ కనబడేవాడు మరి. ఆటల హాల్లో నాణెం వేస్తే ఆడే నిలువెత్తు పెట్టెలుంటాయి కదా, ఆ ఆటల్ని ఇంట్లో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్లోకి దింపడం ఆయన ఉద్యోగం. దింపడమంటే ఈ సంచిలోంచి ఆ సంచిలోకి పోయడం అనుకునేరు! అసలు ఆట తయారుచేసినవాళ్ళు ఒక్క కాగితం ముక్క ఇచ్చేవారు కాదు. పెట్టె పక్కన కూర్చుని, కళ్ళారా చూసి, చూసిందంతా మొదటినుంచి తనే రాసుకోవాలి. పైగా పెద్ద పెట్టెకున్న మెమరీలో పదో వంతైనా చిన్నదానికి ఉండదు.

అలా ఆయన నెత్తిన పడ్డవాటిలో పెద్దది అంతరిక్షం ఆట. తెర ఎడమనుంచి కుడికి దానంతట అదే సాగిపోతుంటుంది. చిన్న ఓడ ఒకటి మన చేతిలో ఉంటుంది. గుహలు, రాళ్ళు, బారులు తీరి వచ్చిపడే శత్రువులు. ఎర్రగా మెరిసే బిళ్ళల్ని ఏరుకుంటే కొత్త ఆయుధాలొస్తాయి. ఒక్క తూటా తగిలిందా, ఏరుకున్నదంతా హుళక్కి! వట్టి ఓడతో వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టాలి. పగవాడికి కూడా వద్దు ఆ బాధ.

గడువు నాలుగు నెలలు. చిక్కేమిటంటే, గళ్ళబాబుకి ఆడటం రాదు. రెండో స్టేజీ దాటితే ఒట్టు. చూడని స్టేజీలు రాసేదెలాగ?

అక్క ఆదుకుంది. ఆమె ఆ ఆటల హాల్లోనే చిల్లర కౌంటర్లో పనిచేసేది. హాలు తెరవకముందే వెళ్ళి ఆడుకోమని యజమాని తాళాలు ఇచ్చేవాడు. ఆ ఆటని చివరిదాకా ఆడగలిగింది ఆమె ఒక్కతే. కాకపోతే కీళ్ళజబ్బు మొదలైంది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకునేవి. పెట్టె ముందు నిలబడితే మోకాళ్ళు సలిపేవి.

"నువ్వు దీన్ని ఇంటికి తెచ్చావంటే చాలురా. దిండుకి జారగిలబడి హాయిగా ఆడుకుంటాను. ఆ నిలబడే గోల ఉండదు," అంది.

"తెస్తానక్కా. అచ్చం ఇదే తెస్తాను. ఒక్క చుక్క తేడా రానివ్వను," అన్నాడు. మాట ఇవ్వడానికేం, నోరేగా!

నాలుగు నెలలూ పొద్దున్నే అక్క ఆడింది, తమ్ముడు పక్కన స్టూలు మీద కూర్చుని స్టాప్‌వాచీ నొక్కుతూ కాగితం నింపాడు. నాలుగో స్టేజీ చివర తెర సాగడం ఆగిపోతుంది. ఎదురుగా కొండంత శత్రు ఓడ, దాని ఆరు నోళ్ళలోంచి ఎడతెరిపి లేని తూటాలు. అక్కడికి చేరగానే అక్క, "హమ్మయ్య, కుర్చీలో కూర్చున్నాను," అని ఓడని నడిపే జాయ్‌స్టిక్ వదిలేసేది. వేళ్ళు విదిలించుకుని, మంచినీళ్ళు తాగి, తీరిగ్గా మళ్ళీ అందుకునేది. గళ్ళబాబు ఆ సందులో పేజీ తిప్పి పెన్సిలు చెక్కుకునేవాడు. కుర్చీ అంటే ఏదో మాటవరసకి అంటోందనుకున్నాడు.

తూటాల దారులు మాత్రం గీత తప్పకుండా కొలిచి రాశాడు. ఆట పూర్తయింది. విడుదలకి వారం ముందు, ఆఫీసులో ఆడి తప్పులు పట్టే ఆవిడ ఒక చీటీ పంపింది. 'నాలుగో స్టేజీ చివర, పైన రాతి మూల కింద ఓడని నిలబెడితే ఒక్క తూటా కూడా తగలదు. ఎంతసేపైనా ఉండొచ్చు. సరిచెయ్యాలి.' చూసి ఆయన మొహం మాడిపోయింది. నా లెక్కలో తప్పా! ఒక తూటా దారిని రెండు గళ్ళు పైకి జరిపాడు. చీటీ మీద టిక్కు పెట్టి, తృప్తిగా టీ తాగాడు.

ఆట నింపిన మొదటి క్యాసెట్టు అక్కకే ఇచ్చాడు. ఆమె దిండుకి జారగిలబడి ఆడింది. మురిసిపోయింది. "అచ్చం అదేరా! ఎంత బాగా తెచ్చావురా!" అంది. మూడు స్టేజీలు దాటి నాలుగో దాని చివరికి వచ్చింది. ఓడని రాతి మూల కిందికి చేర్చింది. "హమ్మయ్య, కుర్చీలో..." అనేలోపే ఓడ పేలిపోయింది.

ఆ చోటు గళ్ళబాబుకి తెలుసు. చీటీలో ఉన్న చోటే.

అక్క మళ్ళీ ఆడింది. మళ్ళీ అక్కడే పేలింది. ఆ రోజు పదకొండుసార్లు వెళ్ళింది, పదకొండుసార్లూ అంతే. చివరికి జాయ్‌స్టిక్ పక్కన పెట్టి అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"చెయ్యి వణుకుతున్నట్టుందిరా. సరిగ్గా నిలబెట్టలేకపోతున్నాను."

అప్పుడు నోరు విప్పి ఉంటే సరిపోయేది. కానీ అప్పటికే దుకాణాల నిండా ఆ క్యాసెట్లే. అట్ట మీద మొట్టమొదటిసారి ఆయన పేరు పడింది. "కొత్త కదక్కా, అలవాటు పడాలి," అన్నాడు. ఛీ, ఏం మనిషి!

నెల తిరిగేసరికి అక్క ఉద్యోగం మానేసింది. చెయ్యి మాట వినడం లేదంది. ఆనక కుట్టుపని మానింది, ఉత్తరాలు రాయడం మానింది. ఎవరైనా అదేమని అడిగితే, "ఆటలోనే తేలిపోయిందిగా," అని నవ్వేసేది. గళ్ళబాబు ఆ తూటాని మళ్ళీ కిందికి జరిపి వేరే క్యాసెట్టు చేశాడు. ఇవాళ ఇస్తాను, రేపు చెబుతాను అనుకుంటూనే సొరుగులో పెట్టాడు. అది పద్నాలుగేళ్ళు అక్కడే ఉండిపోయింది. ఈలోగా అక్క వేళ్ళు నిజంగానే ముడుచుకుపోయాయి.

మొన్నామధ్య ఆయనకి ఉండబట్టలేదు. పాత కంప్యూటరు దుమ్ము దులిపి, సొరుగులోని క్యాసెట్టు పెట్టి, రెండు నెలలపాటు పట్టుబట్టి ఆడటం నేర్చుకున్నాడు. తర్వాత అన్నీ పెట్టెలో సర్దుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె మంచానికెదురుగా కూర్చుని, నుదుటి చెమట తుడుచుకుంటూ, నాలుగో స్టేజీ చివరిదాకా వచ్చి ఓడని రాతి మూల కింద నిలబెట్టాడు. తూటాలు పైనుంచి కొన్ని, కిందనుంచి కొన్ని పోతున్నాయి. ఓడకి ఏమీ కాలేదు.

"అక్కా, ఆ రోజు నీ చెయ్యి వణకలేదు. నేనే తూటా దారి మార్చాను. తప్పనుకుని దిద్దాను," అన్నాడు.

అక్క తెరవంకే చూస్తోంది. "అంటే, అప్పుడు నా చెయ్యి బాగానే ఉందా?"

"బాగానే ఉందక్కా."

అక్క తమ్ముడివైపు తిరిగింది. "నాలుగు నెలలు నా పక్కనే కూర్చున్నావు కదరా. కుర్చీ ఎక్కడుందో ఒక్కసారి కూడా చూడలేదూ?"

గళ్ళబాబు తల దించుకుని, ఆట ఆపడానికి మీట మీదికి చెయ్యి చాచాడు.

"ఆపకు. కాసేపు అలాగే ఉండనీ," అంది అక్క. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.