రెక్క కింద తడి

హ్యాంగర్‌లో ఆయన్ని అందరూ పిన్నులాయన అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం రోజున తప్ప ఎవరికీ అక్కర్లేదు. అక్కడున్నది ఒక ముసలి ప్రయాణికుల విమానం. సీట్లన్నీ పీకేసి, రెక్క కింద రాకెట్‌ను వేలాడదీసి, సముద్రం మీద బాగా ఎత్తుకు తీసుకెళ్లి వదిలేసేవారు. జారిన రాకెట్ గాలిలోనే అంటుకుని, తన ముక్కులో ఉన్న చిన్న చిన్న ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టేది. అది నేల మీదే ఊడిపడకుండా కొక్కేలకు ఎర్ర రిబ్బన్ల పిన్నులు గుచ్చుతారు. బయల్దేరే ముందు వాటిని లాగి, పేకముక్కల్లా విప్పి పైలట్‌కు చూపించడమే ఈయన ఉద్యోగం. పైలట్ కిటికీలోంచి చూసి బొటనవేలు ఎత్తితేగాని విమానం అంగుళం కదలదు. అంత పెద్ద విమానం తన గుప్పిట్లో ఉందని ఆయనకు కాస్త పొగరు. ఎందుకుండదూ?

కూతురు కాలేజీ స్నేహితులతో కలిసి చెప్పుల డబ్బా అంత ఉపగ్రహం చేసింది. ఇంట్లో అన్నం తినే బల్ల నిండా తీగలే, కంచం పెట్టుకోవడానికి చోటుండేది కాదు. చివరికి దానికి ఆ విమానం మోసే రాకెట్‌లోనే చోటు దొరికింది.

"నాన్నా, నా పిల్లని నువ్వే సాగనంపాలి" అంది.

"అది నా మనవరాలే తల్లీ! దగ్గరుండి పంపిస్తా" అని మురిసిపోయాడు.

అంతకుముందు వెళ్లిన రాకెట్ ఇంధనం కారిపోయి, మండకుండానే సముద్రంలో పడింది. రెక్క కింద తడి చూసి కూడా మంచు కరిగిన నీళ్లేలే అనుకున్నారు అందరూ, ఈయనతో సహా. ఈసారీ ఎగరకపోతే చేతులెత్తేస్తామన్నారు డబ్బు పెట్టేవాళ్లు. వేడిపాలకు నోరు కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు కదా, పిన్నులాయన ఆ పిల్లయ్యాడు.

బయల్దేరే రోజు, రాకెట్‌లో ఇంధనంగా కిరోసిన్ నింపిన గొట్టం విప్పే మనిషి రాలేదు. ఆ పనీ తనే చేసి, అదే చేత్తో పిన్నుల దగ్గరికి వచ్చాడు. రాకెట్ అతుకు కింద ఒక చుక్క మెరుస్తోంది. చేతి తొడుగుతో తుడిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గుప్పుమంది కిరోసిన్!

"కారుతోంది. పిన్నులు లాగను" అన్నాడు.

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. "లోపల ద్రవ ఆక్సిజన్ ట్యాంకు గడ్డకట్టేంత చల్లగా ఉందయ్యా, బయట చెమట పట్టదా?"

"ఇదిగో, మీరే వాసన చూడండి."

చూశాడు. మొహం మాడిపోయింది.

ప్రయాణం చూడ్డానికొచ్చిన కూతురు హ్యాంగర్ పక్క అద్దాల గదిలోంచి ఫోన్ చేసింది. "నాన్నా, ఖచ్చితంగా తెలుసా? ఇంకోసారి తుడిచి చూడు."

"నా ముక్కు నాకు అబద్ధం చెబుతుందా? నీ పిల్లని సముద్రంలో పడేయమంటావా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! పైగా కారుతోందని ఒకసారి నోరు జారాక, ఇంధనం మొత్తం తోడేదాకా దాని దగ్గరికి ఎవరూ పోకూడదన్నది అక్కడి నిబంధన. ప్రయాణం ఆగిపోయింది.

మర్నాడు అతుకులన్నీ విప్పి చూశారు. ఎక్కడా చిల్లు లేదు. సూపర్‌వైజర్ చెయ్యి చాపాడు.

"ఆ రెండో తొడుగు ఇలా ఇవ్వు."

ఆ తొడుగు రాకెట్‌ను ముట్టుకోనే లేదు. అదీ కిరోసిన్ కంపే. కారింది ఉత్త నీళ్లు, కంపు గొట్టానిది. పిన్నులాయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. సూపర్‌వైజర్ తిట్టినా బాగుండేది. తను కూడా వాసన చూసినవాడే, ఏ మొహంతో తిడతాడు?

డబ్బు పెట్టేవాళ్లు అన్నంత పనీ చేశారు. హ్యాంగర్ మూతపడింది, విమానం పాతసామాన్లవాడి పాలైంది. ఉపగ్రహం ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద కూర్చుంది. కూతురు ఏడవలేదు, పోట్లాడలేదు. అవసరానికి మించి మాట్లాడడం మానేసింది, అంతే. అంతకన్నా చెప్పుతో కొట్టినా నయమే అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర మంచినీళ్లు అడిగాడు. కూతురు ఫ్రిజ్‌లోంచి సీసా తీసి ముందు పెట్టింది. సీసా ఒంటినిండా చెమట, చుక్కలు బల్ల మీదికి జారుతున్నాయి. ఆయన చెయ్యి చాపాడు.

"ఆగు నాన్నా" అంది. "ముందు వాసన చూడు."

ఆయన సీసా తుడిచి, తడి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చేతికి తొడుగు లేదు. ఏ వాసనా రాలేదు.