రెండో అంతస్తు తాళంచెవి

ఇవాళ పొద్దున మా కాంప్లెక్సు రెండో అంతస్తులో లేడీస్ టాయ్‌లెట్ తలుపు తీయగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది. నాకది మంచి వాసన. నవ్వితే నవ్వండి. అది ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు కిషన్‌రావు సార్ గుర్తొస్తారు. ఆయన ప్రెస్సు యజమాని. ఆ టాయ్‌లెట్‌తో ఆయనకేం పని అంటారేమో. ఈ తలుపు తెరుచుకోవడానికి సగం కారణం ఆయనే.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో మాది పాతకాలపు కాంప్లెక్సు. కింద చెప్పుల దుకాణాలు, పైన ట్రావెల్స్ వాళ్ళు, టైలర్లు, నాలాంటి డీటీపీ వాళ్ళు. సార్ ప్రెస్సు కింద వెనకవైపు ఉండేది. ఆయన దగ్గర ఆరేళ్ళు పనిచేశాకే నేను రెండో అంతస్తులో సొంత షాపు పెట్టుకున్నాను. ఆయనది తరతరాల హైదరాబాదు కుటుంబం, మా తాతేమో ఉద్యోగం పేరుతో బందరు నుంచి వచ్చినవాడు. నా మాటతీరును ఆయన, ఆయన మాటతీరును నేను వెక్కిరించుకుంటూనే ఆరేళ్ళు గడిచాయి. ఎన్నికలొస్తే అన్ని పార్టీల పాంప్లెట్లూ అక్కడే అచ్చయ్యేవి. ఒకరి కాగితం ఇంకొకరి కంట పడనిచ్చేవారు కాదు. తప్పులు మాత్రం అందరివీ ఒకే శ్రద్ధతో దిద్దేవారు. "ఈ పార్టీ మీకు గిట్టదు కదా సార్, వాళ్ళ తప్పులు వాళ్ళకే ఉండనివ్వండి" అన్నాను ఒకసారి. కళ్ళజోడు తీయకుండానే, "తిట్టేటోడు గూడ తప్పుల్లేకుంట తిట్టాలె గదమ్మా" అన్నారు.

నేను షాపు పెట్టిన కొత్తలో ఆ టాయ్‌లెట్‌కు ఎప్పుడూ తాళమే. లోపల చెప్పుల అట్టపెట్టెలు. అవి మా అసోసియేషన్ ప్రెసిడెంటు యాదగిరి గారివి. పై అంతస్తుల్లో పనిచేసే ఆడవాళ్ళం పొద్దంతా నీళ్ళు తాగకుండా గడిపేవాళ్ళం. మరీ తప్పనప్పుడు మొజంజాహీ మార్కెట్ దగ్గర తెలిసిన హోటల్ దాకా నడిచేవాళ్ళం. మా పక్క షాపు టైలరు సరోజక్కకు కిడ్నీలో రాళ్ళొచ్చి దవాఖానలో పడింది. అప్పుడు నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అసోసియేషన్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. యాదగిరి మీద మొదటి అంతస్తు ఎలక్ట్రికల్ షాపు శ్రీనివాస్ నిలబడ్డాడు. అతని కాగితంలో టాయ్‌లెట్ మాట ఉంది. లిఫ్టు, పార్కింగు, వాచ్‌మన్, సైన్‌బోర్డులు అన్నీ అయ్యాక, అట్టడుగున. అది చూసి ఒళ్ళు మండి నేనూ నామినేషన్ వేశాను. నా కాగితంలో ఉన్నది ఒక్కటే మాట: తాళం తీయాలి.

మూడు కాగితాలూ సార్ ప్రెస్సులోనే అచ్చయ్యాయి. నాదానిలో రెండు తప్పులు దిద్ది, ఏమీ అనకుండా చేతిలో పెట్టారు. షాపుకో ఓటు చొప్పున నలభై ఒక్క ఓట్లు. యాదగిరికి పదిహేడు, శ్రీనివాస్‌కు పద్నాలుగు, నాకు పది వచ్చాయి. తాళం తీస్తామన్న వాళ్ళకు ఇరవై నాలుగు ఓట్లు పడ్డాయి, తాళం వేసినవాడు గెలిచాడు. మర్నాడు ఆ గదిలోకి ఇంకో నాలుగు అట్టపెట్టెలు చేరాయి. నేను ప్రెస్సులోకెళ్ళి కూర్చుని ఏడ్చేశాను.

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసు కదా సార్? ఎందుకు చెప్పలేదు?"

"తెల్సు. మూడు కాగితాలు నా మెషిన్ మీదనే తీసిన గద" అన్నారాయన, చాయ్ తెప్పిస్తూ. "చెప్తే నువ్వు నిలవడకపోదువు. నిలవడకపోతే నీ ఎనక పది ఓట్లున్నయని శ్రీనివాస్‌కు ఎట్ల తెలుస్తది?"

నా ఏడుపు ఆగింది, కోపం మాత్రం ఆగలేదు. అప్పుడాయన చెప్పింది నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది. "మన తాన ఓట్లల్ల ముందుగాల ఉన్నోనికే కుర్సీ. సగం కన్న ఎక్కువ మంది వద్దన్నా సరే. అందుకే గిసొంటి కాడ మెల్లమెల్లగ రెండే గుంపులు మిగుల్తయి. కొన్ని దేశాలల్ల ఓట్లను బట్టి సీట్లు పంచుతరు. ఆడ నీ పదికి గూడ ఒక కుర్సీ ఉంటది, చిన్న చిన్న పార్టీలు శానా బతుకుతయి. రెండు గుంపులుంటే బేరం ఓట్లకు ముందే అయితది. పది గుంపులుంటే ఓట్లయినంక అయితది. బేరం మాత్రం తప్పదమ్మా. అది ఏ గదిల అయితదో చూస్కోని ఆడికి పోయి కూసోవాలె."

"మరి రెండిట్లో ఏది మంచిది?"

"రెండు రంగుల అచ్చుపని జల్ది అయితది, కానీ బొమ్మల అన్ని రంగులు రావు. నాలుగు రంగులల్ల అన్నీ కనవడ్తయి, ఒక్క రంగు జర పక్కకు జరిగిందంటే బొమ్మంత అలుక్కపోతది. ఏది కావాల్నో గిరాకీ చెప్పాలె."

రెండేళ్ళకు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి నామినేషన్ కంటే ముందే శ్రీనివాస్ షాపుకు వెళ్ళి కూర్చున్నాను. పోటీ చేయను, కానీ అతని కాగితంలో మొదటి మాట టాయ్‌లెట్ కావాలి, గెలిచిన రోజే తాళంచెవి నా చేతికి రావాలి. అతను లిఫ్టు ముందన్నాడు. నేను లేచాను. మెట్ల దాకా వచ్చి, సరేనని వెనక్కి పిలిచాడు. సరోజక్క మాత్రం నా మొహం మీదే అడిగింది: "నువ్వు గూడ గాళ్ళతోని కలిసిపోతివి గదా?" ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నావి అనుకున్న పదిలో రెండు ఓట్లు అలిగి యాదగిరికి పడ్డాయి. అయినా యాదగిరి పంతొమ్మిదికి ఇరవై రెండు ఓట్లతో శ్రీనివాస్ గెలిచాడు. ఆ సాయంత్రం తాళంచెవి తీసుకెళ్ళి సార్‌కు చూపించాను. "ఇగ జర నీళ్ళు తాగుండ్రి" అని నవ్వారు.

ఆయన పోయి మూడేళ్ళయింది. ప్రెస్సు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ షాపు నడుస్తోంది. రెండేళ్ళుగా అసోసియేషన్ ప్రెసిడెంటును నేనే. ఎవరూ మళ్ళీ అట్టపెట్టెలు పెట్టకుండా తాళంచెవి నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

ఇవాళ పదకొండింటికి మూడో అంతస్తులో బ్యూటీపార్లర్ నడిపే కావ్య పాంప్లెట్ టైపు చేయించుకోవడానికి వచ్చింది. వచ్చే నెల ఎన్నికల్లో నా మీదే పోటీ. మొదటి వాక్యం చదవగానే నా మొహం మాడిపోయింది: "లేడీస్ టాయ్‌లెట్ తాళంచెవి ప్రెసిడెంటు మేడమ్ దగ్గరే ఎందుకుండాలి?"

"మీరు సామాన్లకని సుల్తాన్ బజార్ పోతరు మేడమ్. గంటలకొద్ది ఆగుతం మేము. రెండుసార్లు చెప్పిన, మీరు ఇనలే" అంది. నా మీంచి చూపు తిప్పుకోలేదు.

నిజమే, చెప్పింది. నేను విననే లేదు. సిగ్గేసింది. ఆమె కాగితంలో మూడు తప్పులు దిద్ది, ప్రింటు తీసి ఇచ్చాను. కుర్చీ లాగి కూర్చోమన్నాను. గుత్తిలోంచి తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇది ఇచ్చినా నిలవడ్త మేడమ్" అంది, అనుమానంగా చూస్తూ.

"నిలబడమ్మా" అన్నాను. "నీ వెనక ఎంతమంది ఉన్నారో నాకు తెలియొద్దూ?"