కాటారం బస్సు, సేటు సోడియం

2019 ఎండాకాలం మొదట్లో నన్ను భూపాలపల్లి జిల్లాలోని ఒక ప్రభుత్వ దవాఖానకు ఫిజీషియన్‌గా బదిలీ చేశారు. హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది కానీ నేను కత్తి పట్టేది ఇంట్లో ఉల్లిగడ్డలు కోయడానికే. మా శాఖలో అంతే, గోళీలు రాసిచ్చేవాడు కూడా సర్జనే. అంతకుముందు జనగామలో కొన్నేళ్లు చేశాను. పుట్టింది నర్సింహులపేట మండలంలో ఒక తండా. ఇంట్లోనే కాదు, మొత్తం తండాలో డిగ్రీ అనే కాగితాన్ని మొదట చేత్తో పట్టుకున్నది నేనే. ఈ సంగతి నా రోగులందరికీ చెప్పాను. మందు రాయడం మరిచిపోయానేమో గానీ ఇది చెప్పడం మాత్రం మరవలేదు. ఇప్పుడు రిటైరయ్యాను, చెప్పుకోవడానికి రోగులు కూడా లేరు. అందుకని మీరు దొరికారు.

నేను చేరిన వారానికే ఆ దవాఖానకు ఎలక్ట్రొలైట్ మిషన్ వచ్చింది. కాస్త రక్తం పోస్తే చాలు, టీ చల్లారేలోపు సోడియం, పొటాషియం, క్లోరైడ్ అంకెలు చీటీ మీద అచ్చయి బయటికి వచ్చేవి. అంతకుముందు నమూనాను వరంగల్ పంపేవాళ్లం. రిపోర్టు తిరిగొచ్చేసరికి రోగి బాగై ఇంటికైనా వెళ్లేవాడు, లేదా ఇంటికి కాని చోటికైనా వెళ్లేవాడు. మిషన్ వచ్చిన ఆనందం పట్టలేక మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె మా ఇంటి భాషలో ఒకే మాట అడిగింది: ఉప్పు చూడటానికి మిషన్ ఎందుకు, నాలుకకేమైంది?

అమ్మకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను. ఒంట్లో నీళ్లూ ఉప్పూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయి. రక్తంలో సోడియం అంకె మామూలుగా నూట ముప్పై అయిదుకూ నూట నలభై అయిదుకూ మధ్య ఉండాలి. అది పడిపోయిందంటే ప్రతిసారీ ఉప్పు తగ్గినట్టు కాదు, చాలాసార్లు నీళ్లు ఎక్కువైనట్టు. చారులో చెంబెడు నీళ్లు పోస్తే ఉప్పు చాలలేదని అనిపిస్తుంది కదా, అలా. పలచబడ్డ చారును పారబోసి మళ్లీ పెట్టుకోవచ్చు. పలచబడ్డ మనిషిని అలా చేయలేం.

ఆ మే నెలలో ఒక పొద్దున రాజేశం సేటును ఆటోలో తెచ్చారు. కాటారంలో కిరాణా హోల్‌సేల్ దుకాణం ఆయనది. అరవై దాటిన మనిషి. వెంట భార్య సులోచనమ్మ, కొడుకు శీను. వారం నుంచి సేటు మాట తేడాగా ఉందని చెప్పారు.

"బెల్లం అడిగినోనికి సబ్బు కట్టిచ్చిండు సార్," అన్నాడు శీను. "నిన్న నన్ను జూసి, నువ్వెవనివిరా, మా దుకాన్ల నీకేం పని అన్నడు."

"అది మంచిగున్నప్పుడు గూడ అంటడు," అంది సులోచనమ్మ. "గది లెక్కల పట్టకు. సబ్బు సంగతి జెప్పు."

వాళ్లు చెబుతుండగానే సేటుకు ఫిట్స్ వచ్చాయి. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే సరిత సిస్టర్ ఒడుపుగా ఒక పక్కకు తిప్పి పట్టుకుంది. రక్తం తీసి మిషన్‌కు పంపించాం. చీటీ మీద సోడియం నూట తొమ్మిది అని వచ్చింది. నా సర్వీసులో అంత తక్కువ అంకెను కొద్దిసార్లే చూశాను. మామూలు సెలైన్ కంటే మూడు రెట్ల పైన ఉప్పు ఉండే చిన్న సీసాను గబగబా ఎక్కించాం. దాన్ని త్రీ పర్సెంట్ అంటాం. ఫిట్స్ ఆగాయి. మళ్లీ పరీక్ష చేస్తే నూట పన్నెండు.

అప్పుడు కూర్చుని సంగతి రాబట్టాను. సేటుకు బీపీ. ఆయన వేసుకునే మాత్రలో ఉప్పునూ నీళ్లనూ మూత్రంలోకి తోసేసే మందు కూడా ఉంది. ఎవరో డాక్టరు ఉప్పు కాస్త తగ్గించమన్నాడు, సరైన సలహానే. కానీ సేటు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి 'కాస్త' అనే మాట తూకం వేసేటప్పుడు తప్ప వాడలేదు. ఉగాదికి ఉప్పు మొత్తం మానేశాడు. దానికి తోడు ఎండాకాలం నీళ్లు దండిగా తాగాలని ఫోన్లో ఎవరో చెప్పారట. గల్లా పక్కన బిందె పెట్టుకుని సాయంత్రానికి ఖాళీ చేసేవాడు. ఆయన దుకాణం ముందు ఉప్పు బస్తాలు రాత్రంతా బయటే ఉంటాయి. ఉప్పును ఎవడూ దొంగిలించడని ఆ ఊరి నమ్మకం. ఉప్పు బస్తాలకు ఆనుకుని కూర్చునే మనిషి ఉప్పు చాలక పడిపోయాడు.

ఇక్కడిదాకా సులువు. అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది.

అంత కిందికి పడిన సోడియాన్ని గబగబా పైకి లాగకూడదు. రోజుకు ఎనిమిది అంకెలు దాటకూడదని మా పద్ధతి. అంటే మర్నాడు పొద్దుటికి సేటు నూట పదిహేడు దాటొద్దు, అందులో మూడు అప్పటికే వాడేశాం. కనీసం మూడు రోజులు పడుతుందని శీనుకు చెప్పాను.

"కొరత ఎంతనో జెప్పుండ్రి సార్, ఒక్కపారే నింపుదం," అన్నాడు. "గోదాంల స్టాకు తక్కువైతే మేం మూడు రోజులు ఆగుతమా?"

గోదాం వేరు, మెదడు వేరు అన్నాను. మామూలు సెలైన్ బాటిల్ ఒకటి పెట్టించి, గొట్టం మీది చిన్న చక్రాన్ని సిస్టర్ తిప్పి చుక్క చుక్కగా పడేలా చేసింది. నీళ్లు తాగించొద్దు, చక్రం ముట్టొద్దు, మధ్యాహ్నం మళ్లీ రక్తం చూస్తాను అని చెప్పాను. శీను అన్నిటికీ తలూపాడు. అన్నిటికీ తలూపే బంధువు ఏమీ వినలేదని ఏ వైద్య కళాశాలలోనూ చెప్పరు.

తర్వాత నేను పైఅధికారుల టెలికాన్ఫరెన్సులో కూర్చున్నాను. జిల్లాలో దోమలు ఎందుకు తగ్గలేదని అడిగారు. దోమల తరఫున నాకు తెలిసినంత చెప్పాను. వార్డుకు తిరిగొచ్చేసరికి దూరం నుంచే గొంతు వినబడింది.

"అరేయ్, దుకాణం బందు వెట్టి ఇద్దరిద్దరు ఇక్కడ నన్ను సూసుకుంట కూసున్నరా? నేనేమన్న సినిమానా?"

సేటు మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్లు చురుగ్గా ఉన్నాయి. పక్క మంచాల వాళ్లు నవ్వుతున్నారు. శీను నన్ను చూడగానే పెళ్లికి పిలవడానికి వచ్చినవాడిలా ఎదురొచ్చాడు.

"జూసిండ్రా సార్! మీరు మూడు రోజులన్నరు. బాపు మూడు గంటల్ల లేషి కూసున్నడు."

నేను బాటిల్ వైపు చూశాను. ఖాళీ. చక్రం పూర్తిగా తెరిచి ఉంది.

"నేనే తిప్పిన సార్," అన్నాడు శీను, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. "బాటిల్ ఒడిస్తెనే గద ఇంటికి పంపేది? సాయంత్రం కాటారం బస్సు పోతే మల్ల బస్సు లేదు. రేపు పొద్దుగాల లోడు దిగుతది."

మా దిక్కు బాటిల్ అంటే వైద్యం, బాటిల్ అయిపోతే వైద్యం అయిపోయినట్టు. బస్సు టైముకు అందుకోవడానికి చక్రం తిప్పడం నేను వందసార్లు చూశాను. జ్వరానికైతే పోనీలే అనుకోవచ్చు. మంచం కింద, పొద్దున గొట్టం వేసి తగిలించిన మూత్రం సంచి చూశాను. ఉబ్బి ఉంది, లోపలిది మంచినీళ్లలా తెల్లగా ఉంది. అప్పటిదాకా ఒంట్లో నీటిని బిగపట్టిన కిడ్నీలు బాటిల్ మొత్తం ఒక్కసారి అందగానే తూము ఎత్తేశాయి. నీళ్లు బయటికి పోతుంటే సోడియం తనంతట తానే పైకి పోతుంది. రక్తం పంపాను. చీటీ మీద నూట ఇరవై ఒకటి.

వరంగల్ పెద్ద దవాఖానలో నా సీనియర్‌కు ఫోన్ చేశాను. సోడియాన్ని వెనక్కి దింపు, ఇక్కడికి పంపి దారిలో సమయం వృథా చేయకుండా అక్కడే మొదలుపెట్టు అన్నాడు. దింపడమంటే సెలైన్ ఆపి, ఉప్పు లేని గ్లూకోజ్ ఎక్కించి, నీళ్లు తాగించి, మూత్రానికి అడ్డుకట్ట వేసే ఇంజెక్షన్ ఇవ్వడం. ఆ ఇంజెక్షన్ మా దగ్గర లేదు. హనుమకొండలో దొరుకుతుంది.

బాగై కూర్చున్న మనిషిని మళ్లీ కిందికి దింపుతానని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. చెప్పాను. శీను ముఖం మారిపోయింది.

"ఏంది సార్ గిది? మాట్లాడుతున్నడు, తిడుతున్నడు, ఇంకేం గావాలె? మీరే మల్ల పండవెడ్తరా?"

వాడికి చెప్పి లాభం లేదని సులోచనమ్మ వైపు తిరిగాను. "అక్కా, మామిడికాయ తొక్కు పెట్టినవా ఈసారి?"

"మొన్ననే వెట్టిన. ఎందుకు సారూ?"

"ముక్కలకు ఉప్పు పట్టిస్తే పొద్దటికి ఏమైతది?"

"ఊట దిగుతది."

"ముక్క?"

"వడిలి ముడుసుకపోతది," అని ఆగింది. చూపు సేటు తల మీదికి పోయింది. "ఓ శీనుగా, ఏం జేసినవురా! మీ నాయిన తలకాయను తొక్కు వెట్టినవు!"

విషయం సరిగ్గా అదే. పలచని రక్తానికి అలవాటుపడిన మెదడు చుట్టూ ఒక్కసారిగా ఉప్పు చేరితే లోపలి నీళ్లు బయటికి లాగేస్తుంది. నరాల మీది తొడుగు దెబ్బతింటుంది. దాని ఫలితం ఆరోజు కనబడదు. కొన్ని రోజులకు మాట పోతుంది, కాళ్లూ చేతులూ కదలవు. కళ్లు మాత్రం తిరుగుతుంటాయి, లోపల మనిషి మెలకువగానే ఉంటాడు. ఈ మాటలు శీనుకు ఉన్నదున్నట్టు చెప్పాను. సిస్టర్ ఇచ్చిన ఐసు డబ్బా చంకన పెట్టుకుని బస్టాండుకు పరుగెత్తాడు. కాటారం బస్సు కోసం చక్రం తిప్పినవాడు హనుమకొండ బస్సెక్కాడు.

ఇక సేటుకు నీళ్లు తాగించాలి.

"పొద్దుగాల నీళ్లు ముట్టద్దన్నవంట. ఇప్పుడు తాగుమంటున్నవ్," అన్నాడు నాతో. "నువ్వు డాక్టరువా, మోటరు మెకానిక్‌వా? ఒకపారి బందు జెయ్యమంటవ్, ఒకపారి షురూ జెయ్యమంటవ్."

"శీను నాయినా," అంది సులోచనమ్మ స్టీలు గ్లాసు నింపుతూ, "బిందెలు బిందెలు తాగినప్పుడు ఎవలనడిగినవ్? ఇది తాగు. లేకుంటే ముక్కు వట్టి పోస్త."

సేటు తాగాడు. నాకు ఎమ్‌డీ పట్టా ఉంది, కానీ ఆ స్వరం లేదు.

చీకటి పడ్డాక శీను తిరిగొచ్చాడు. ఇంజెక్షన్ ఇచ్చాం, సంచి నిండటం ఆగింది. మర్నాడు పొద్దుటికి అంకె నూట పదహారు. అక్కడ్నుంచి మళ్లీ, ఈసారి పద్ధతిగా, మెల్లగా ఎక్కించుకుంటూ వచ్చాం. చక్రం మీద సిస్టర్ ప్లాస్టర్ చుట్టేసింది.

కానీ ఆ కొన్ని గంటల్లో లోపల ఏం జరిగిందో మిషన్ చెప్పదు. రోజులు గడిస్తేనే తెలుస్తుంది. నేను రోజూ పొద్దున్నే సేటు మంచం దగ్గరికి పోయి ఎలా ఉందని అడిగేవాణ్ని. ఆయన నన్ను, నా దవాఖానను, ఉప్మాను వరసగా తిట్టేవాడు. అక్షరాలు ఎక్కడైనా ముద్దగా వస్తున్నాయా అని చెవి పెట్టి వినేవాణ్ని. తిట్టు స్పష్టంగా ఉంటే లోపల నరాలు స్పష్టంగా ఉన్నట్టు. కేస్ షీటులో ఏం రాయాలని సిస్టర్ అడిగితే, మాట బాగుంది, మర్యాద బాగాలేదు అన్నాను. ఆమె మొదటి సగమే రాసింది.

అయిదో రోజు పొద్దున ఎలా ఉంది సేటూ అంటే జవాబు లేదు. మళ్లీ అడిగాను. కదల్లేదు. కళ్లు మాత్రం నా వైపు తిరిగి, పైకప్పు మీదికి పోయాయి. చెయ్యి ఎత్తమన్నాను, ఎత్తలేదు. సులోచనమ్మ వేడినీళ్లకు పోయినట్టుంది. శీను మంచం చివర నిలబడి నా ముఖమే చూస్తున్నాడు.

అంతలో ఆమె ఫ్లాస్కుతో వచ్చింది. మమ్మల్నిద్దరినీ చూసింది, మంచాన్ని చూసింది.

"అలిగిండు సారూ," అంది. "ఇంకో లోడు దించనీకి ఇంటికి పంపమన్నడు. నేను పోవద్దన్న. గప్పటి సంది గిట్లనే బిగుసుకున్నడు."

అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. ఊహతో కేస్ షీటు రాయలేం. నేను సిస్టర్ వైపు తిరిగి కాస్త గట్టిగా అన్నాను: "కాటారంలో ఒక దుకాణంలో ఉప్పు కల్తీ అట సిస్టర్. ఎవరో చెప్పారు."

"ఎవడన్నడు?"

సేటు లేచాడు. రెండు కాళ్లూ మంచం దింపాడు. కుడి చెయ్యి ఎత్తి వేలు నా ముక్కు దాకా తెచ్చాడు. "నా ఉప్పు కల్తీ అన్నోన్ని నా ముంగట నిలవెట్టు! అయ్య జమాన సంది దుకాణం నడుపుతున్నం, ఒక్కడు వేలు సూపలే!"

మాట, చేతులు, కాళ్లు, నిలబడటం, కోపం అన్నీ ఒక్క దెబ్బకు పరీక్ష అయిపోయాయి. వైద్య పుస్తకాల్లో ఆ పరీక్షకు సుత్తి, టార్చి కావాలంటారు. శీను మంచం చివర కూలబడి ఏడుస్తూ నవ్వాడు. కల్తీ మాట నేనే పుట్టించానని సేటుకు చెప్పాను. ఆయన ఇంకో గంట నాతో మాట్లాడలేదు. ఆ మౌనానికి నేను ఏ పరీక్షా చేయలేదు.

మరో మూడు రోజులకు నడిచి వెళ్లాడు. ఆ బీపీ మాత్ర మార్చి వేరేది రాశాను. ఉప్పు రోజుకు ఎంతో చెంచాతో కొలిచి చూపించాను, తూకం కాబట్టి ఒప్పుకున్నాడు.

ఆ కేసు తర్వాత రిటైరయ్యేదాకా నా పద్ధతి ఒకటి మారింది. సోడియం పడిపోయిన రోగి వస్తే బీపీ మాత్రలేంటో, నీళ్లెన్ని తాగుతాడో అడిగేవాణ్ని, అది పుస్తకంలో ఉన్నదే. సెలైన్ రాసే ముందు మాత్రం బంధువుల వైపు తిరిగి ఇంకో ప్రశ్న అడిగేవాణ్ని: మీ ఊరి ఆఖరి బస్సు ఎన్ని గంటలకు? జవాబు వచ్చాక, ఆ బస్సు వెళ్లిపోయాకే బాటిల్ పెట్టించేవాణ్ని.