గేట్లు ఎత్తినప్పుడు

మా ఆయన అస్థికలు గంగలో కలపడానికి కాశీ రైలెక్కాను. మాది తొండుపల్లి అనగానే ఎదుటి సీటులోని పాతబస్తీ ముస్లిం పెద్దమ్మ సంబరపడింది.

“హిమాయత్ సాగర్ చెరువు మీకు దగ్గరే కదా బేటీ! గేట్లు ఎత్తిన్రంటే చాలు, బిర్యానీ డబ్బాలు కట్టుకొని ఇంటిల్లిపాదీ వస్తం. నువ్వైతే ఎప్పుడంటే అప్పుడు చూస్తవ్.”

“ఒక్కసారి గూడ చూడలే పెద్దమ్మా.”

“ఏంది, మజాక్ చేస్తున్నవా?”

మజాక్ కాదు. విమానం దిగినవాళ్లకు కారులో ఊరంతా తిప్పి చూపించడమే మా ఆయన పని. ప్రతి వానాకాలం నేనడిగితే, “చెరువు ఏడికి పోతది? మళ్లొచ్చే వానకు పోదాం తియ్యి” అనేవాడు.

చెరువు ఎక్కడికీ పోలేదు. మా ఆయనే, నా ఒడిలో గుడ్డ కట్టిన కుండలో, మొదటిసారి నాతో కలిసి ప్రయాణం చేస్తున్నాడు.