తమిళ్‌సెల్వికి ఆ పేరు ఎలా వచ్చిందంటే

మా కులదేవత ఇచ్చిన తీర్పును నేను తినేశాను. నిజం చెప్పాలంటే తీర్పు మొత్తం కాదు, ఒక పువ్వు. అందులోనూ కాడ ఉమ్మేశాను.

మా మనవరాలు తమిళ్‌సెల్వి విరుదునగర్‌లో ఒక పప్పుమిల్లు దగ్గర లారీలు తూచే కాటా చూస్తుంది. పేరుకు తమిళ తల్లి గారాల కూతురని అర్థం. డ్రైవర్లతో మాట్లాడేది తమిళమే. కోపం వస్తే మాత్రం తెలుగులో తిడుతుంది. వాళ్ళు అవి దీవెనలనుకుని తల ఊపుతారు.

తెలుగు మాట్లాడే ఇంట్లో ఆ పేరేమిటని అందరూ అడుగుతారు. కారణం దాని తల్లి, నా కూతురు జోతి. కోవిల్‌పట్టి బడిలో జోతి నోరు విప్పితే చాలు, పిల్లలు ఆ తెలుగు యాసను వెక్కిరించేవారు. పాఠం పైకి చదవమంటే దగ్గు తెచ్చుకునేది. తన బిడ్డకు ఆ దగ్గు రాకూడదని దాని పట్టుదల.

జోతి అత్తగారు పొన్నుతాయి ఒప్పుకోలేదు. మొదటి మనవరాలికి నాయనమ్మ పేరే పెట్టాలంది.

"ఇంట్లో తెలుగు, బిడ్డకి తమిళ్‌సెల్వినా? ఊరు నవ్వదా, అన్నా?"

"నవ్వేవాళ్ళు ఇప్పుడూ నవ్వుతానే ఉండారమ్మా," అన్నాను.

చివరకు గుడిలో పూలు చూద్దామన్నారు. రెండు పొట్లాలు అమ్మవారి ముందు పెడితే పూజారి ఒకటి తీస్తాడు. ఎర్ర పువ్వు వస్తే తమిళ్‌సెల్వి, తెల్ల పువ్వు వస్తే పొన్నుతాయి. పొట్లాలు కట్టే పని నాకిచ్చారు. ఫాదర్ల బడిలో చదివినవాణ్ణి, అబద్ధమాడనని నమ్మకం. నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. రెండింటిలోనూ ఎర్ర గులాబీయే పెట్టాను.

పూజారి ఒకటి విప్పాడు. ఎరుపు. జోతి కళ్ళు తుడుచుకుంది.

"ఆ రెండోది కూడా విప్పన్నా, చూస్తాం," అంది పొన్నుతాయి.

నేను అటు తిరిగి పొట్లం విప్పి, పువ్వును కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

"యేంటికి తింటివి?"

"ఓడిన పువ్వు నేల పడితే దోషమమ్మా."

"తెలుపేనా?"

నోటి నిండా పువ్వుతో తల ఊపాను. తల ఊపడం గురించి ఫాదర్లు ఏమీ చెప్పలేదు. పొన్నుతాయి చాలాసేపు నా బుగ్గ వైపే చూసింది. తర్వాత బిడ్డను ఒడిలోకి తీసుకుని, చెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పింది.

నిన్న ఇదంతా తమిళ్‌సెల్వికి చదివి వినిపించాను. కాటా చీటీలు సర్దుతూ చివరిదాకా వింది.

"అట్లొకటీ జరగలా, తాతా. పూలూ చూళ్ళేదు, ఏమీ చూళ్ళేదు. నాకు ఆ పేరు పెట్టింది పొన్నుతాయి అవ్వే. నువ్వు ఆ దినం తూత్తుకుడిలో ఉంటివంట."